తెర మీద నిలిచిపోయిన అంకె

ఏప్రిల్ 28, సోమవారం

ఈ విషయం ఇప్పుడే రాసుకోవాలి. మే పదకొండున పామర్రు అవతల మంగరాజు చెరువు గట్టు మీద పెద్దమనుషులు కూర్చుంటారు. ప్రోగ్రామింగులో నిపుణులెవరన్నది కూడా ఆ రోజు అక్కడే తేలుస్తారట. తేల్చేవాళ్ళలో ఒక్కరికీ ప్రోగ్రామింగు తెలియదు. నాకు కోపంగా ఉంది. కోపంలో నేను మాట్లాడే తీరు నాకే నచ్చదు కనుక ముందు కాగితం మీద పెడుతున్నాను.

జరిగింది జరిగిన వరసలో రాస్తాను. విద్యుత్ కేంద్రంలో ఇరవై రెండేళ్ళు ఇలాగే రాశాను.

మంగరాజు ఐదెకరాల చెరువు కౌలుకు తీసుకుని చేపలు పెంచుతాడు. అతని కూతురు కనకదుర్గ, నేనిప్పుడు పాఠాలు చెప్పే డిప్లొమా కాలేజీలో నా విద్యార్థిని. నీళ్ళలో ఆక్సిజన్ ఐదు దాటి ఉంటే చేపకు హాయి, మూడుకు దిగితే ప్రమాదం. దిగినప్పుడు నీళ్ళను చిలికే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలని మంగరాజు ఆటోనగర్‌లో జాన్‌బాబు చేత ఒక పెట్టె చేయించుకున్నాడు. మోటార్ల వైండింగు చేసే జాన్‌బాబు ఆ పెట్టెలోని ప్రోగ్రామును ఒక యూట్యూబు వీడియో చూసి ఎక్కించాడు.

ఏప్రిల్ పద్దెనిమిది సాయంత్రం మబ్బు పట్టింది. మబ్బు పడితే తెల్లవారేలోపు నీళ్ళలో ఆక్సిజన్ దిగిపోతుంది. గట్టు మీద పందికొక్కు, పెట్టెకు ఆక్సిజన్ కొలత అందించే సెన్సరు తీగ కొరికేసింది. అప్పుడు పెట్టె తెర మీద ఉన్న అంకె 5.8. తెల్లవారేదాకా అదే అంకె అలాగే ఉంది. మంగరాజు మూడుసార్లు లేచి వచ్చి చూశాడు, మూడుసార్లూ 5.8. తెల్లవారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు.

చెరువు ఆసామి అంటున్నది: కాపలా ఉండాల్సిన మంగరాజు నిద్రపోయాడు. నిద్రపోయాడని తేలితే కౌలు ఇంకొకరికి పోతుంది. పెట్టె తప్పని తేలితే చెరువు మంగరాజుకే ఉంటుంది, చేపపిల్లలు జాన్‌బాబు పోయించాలి. అంతే. చెరువు ఉంటుందా పోతుందా అన్నదొక్కటే ప్రశ్న.

కనకదుర్గ నన్ను రమ్మని అడిగింది. వస్తానన్నాను.


ఏప్రిల్ 29

వీడియో నిన్న మొదటిసారి పూర్తిగా చూశాను. సాయిగణేష్ అనే అతను చేశాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. చలాకీగా మాట్లాడతాడు. పద్నాలుగో నిమిషంలో అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటున్నాను:

"రీడింగ్ రాకపోతే స్క్రీన్ మీద పిచ్చి పిచ్చి నంబర్లు వస్తాయి ఫ్రెండ్స్. చూడ్డానికి అసహ్యంగా ఉంటది. అందుకని పాత నంబరే ఉంచేద్దాం. సింపుల్!"

సింపుల్.

విద్యుత్ కేంద్రంలోని మా విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చెప్పే మాట: రీడింగు రాకపోవడం కూడా ఒక రీడింగే. అది అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. ఆ హెచ్చరికను ఇతను చూడ్డానికి బాగోలేదని తుడిచేశాడు. సెన్సరును నీలం ప్లాస్టిక్ బకెట్లో ముంచి చూపించాడు. ఆ బకెట్లో ఒక్క చేప కూడా లేదు.

మేము రాసిన ప్రతి ప్రోగ్రామునూ రాసినవాళ్ళు కాక మరొకరు చదివి సంతకం పెట్టేవాళ్ళు. ఇక్కడ చదివిందెవరు? నాలుగు లక్షల పన్నెండు వేలమంది చూశారు. చూడటమూ చదవటమూ ఒకటేనా?


మే 1

బసవయ్యగారు ఫోన్ చేశారు. ఆ చుట్టుపక్కల చెరువుల రైతులందరికీ పెద్ద. పదకొండున జాన్‌బాబు తరఫున సాయిగణేష్ స్వయంగా వస్తున్నాడని చెప్పారు.

"ఆయన పెద్ద ఎక్స్‌పర్టంట కదమ్మా. వెనకాల నాలుగు లక్షల మందంట."

"అవునండీ."

"మరి మీకెంతమందమ్మా?"

"ఎవరండీ?"

"అదే, వెనకాల. ఫాలో అయ్యేవోళ్ళు."

"నాకెవరూ లేరండీ."

ఆయన నా మీద జాలిపడ్డారని గొంతులో తెలిసింది. "ఎవరూ లేకపోతే ఎట్టా తల్లీ? పోనీ మీ కాలేజీ పిల్లకాయలన్నా ఉంటారుగా, ఓ వందమంది. రాసుకుంటా."

వందమంది అని రాసుకున్నారు. నేను వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో తెలియదు.


మే 2

నాకు కోపం లేదు. ఇది నా గురించి కాదు.


మే 4, ఆదివారం

ఆటోనగర్ వెళ్ళాను. జాన్‌బాబు స్టూలు తుడిచి వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. ముప్పై ఏళ్ళుగా మోటార్లు చుడుతున్న చేతులు. పెట్టె విప్పి చూపించమన్నాను. న్యాయంగా రాయాలి: వైరింగు చాలా శుభ్రంగా ఉంది. ఫ్యూజు సరైన చోట ఉంది, తడి లోపలికి పోకుండా రబ్బరు వేశాడు. చేతిపనిలో వంక పెట్టడానికేమీ దొరకలేదు.

"ప్రోగ్రాము ఎవరికైనా చూపించి సరిచూసుకున్నారా?" అన్నాను.

"ఎవరికి చూపించమంటారు మేడం గారూ? ఈ సందులో నాకు తెలిసిన చదువుకున్నోడు టీ కొట్టు శీను. ఎనిమిది ఫెయిలు."

పక్క షాపులవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

"పుస్తకాలు తెచ్చుకున్నానండి. ఇంగ్లీషు. రెండు పేజీలు మా అమ్మాయి చదివి పెట్టింది, దానికీ అర్థం కాలా. ఈ కుర్రోడు తెలుగులో చెప్పాడు. ఆపి ఆపి ఇరవైసార్లు చూశా. నాకు అర్థమయ్యేట్టు చెప్పినోడు నా జీవితంలో అతనొక్కడేనండి. అతను ఎక్స్‌పర్టు కాకపోతే ఇంకెవరు?"

అర్థమయ్యేలా చెప్పడం వేరు, సరిగ్గా చెప్పడం వేరు అన్నాను. తల ఊపాడు. నేను చెప్పింది సరైనదే. అర్థమయ్యేలా చెప్పానో లేదో.

ఇలాంటి పెట్టెలు మొత్తం ముప్పై ఒకటి చేశాడట. ఆ అంకె విన్నాక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. అవి ఎవరెవరికి ఇచ్చాడో జాబితా అడిగాను. "గుర్తు చేసుకుని రాస్తానండి" అన్నాడు.


మే 5

ముప్పై ఒకటి.


మే 7, బుధవారం

సాయిగణేష్ ఆ పెట్టెను ఒక్క రోజైనా ఏ చెరువు గట్టు మీదా పెట్టి చూడలేదు. అయినా అతని పేరు ముందు నిపుణుడు అని రాస్తారు. మొన్న ఒక కాలేజీ అతన్ని ముఖ్య అతిథిగా పిలిచిందట. తప్పు చెప్పినందుకు అతని మీద నాకు కోపం లేదు. ఇరవై ఆరేళ్ళ వయసులో నేనూ తప్పులు రాశాను. నా తప్పులను పట్టుకోవడానికి పైన ఒకరు ఉండేవారు. వేలెత్తి చూపేవారు లేనిచోట మాట్లాడేవాణ్ణి నిపుణుడని ఎలా అంటాం? చప్పట్లు కొట్టేవాళ్ళను సరిచూసేవాళ్ళుగా లెక్కకడుతున్నారు. అదీ నా అభ్యంతరం. ఈ మాటే పదకొండున చెబుతాను.

పెద్దమనుషులకు ఇవ్వడానికి నివేదిక సిద్ధం చేశాను. ఇరవై మూడు పేజీలు.

కనకదుర్గ ఫోన్ చేసింది. నాన్న అన్నం సరిగా తినడం లేదట. గట్టు మీద కాపలా గుడిసెలో, ఆ మకాంలోనే పడుకుంటున్నాడట, చేపలే లేని చెరువుకు కాపలాగా. "నిద్రపోయాడన్న మాటే పట్టుకున్నాడు మేడం. చేపలు పోయినందుకు కాదు."

తర్వాత ఏదో అనబోయి ఆగింది. నేనూ అడగలేదు.


మే 8

ఏప్రిల్ 29న 'మొదటిసారి పూర్తిగా చూశాను' అని రాశాను. 'పూర్తిగా' అన్న మాట ఎందుకు వేశానో నాకు తెలుసు.


మే 9, శుక్రవారం

రాయాలి.

జనవరిలో, పెట్టె కొనకముందు, కనకదుర్గ నాకు ఆ వీడియో లింకు పంపింది. కింద ఒక్క వాక్యం: "మేడం, నాన్న ఇది చేయించుకుందామంటున్నారు, ఒకసారి చూసి చెప్తారా?"

చూశాను. పద్నాలుగో నిమిషం దాకా. ఆ 'సింపుల్' అన్న మాట దగ్గర ఆపేశాను. తప్పు అప్పుడే కనిపించింది. నాకు కనిపించకపోవడం అసాధ్యం. ఇటువంటివాటిని సరిదిద్దడం మొదలుపెడితే ఇక అంతుండదని అనుకున్నాను. తిరిగి రాసింది ఇది, ఫోన్లో ఇంకా ఉంది: "సర్క్యూటు డ్రాయింగులు, పూర్తి ప్రోగ్రాము చూడకుండా నేను అభిప్రాయం చెప్పలేను. యూట్యూబు వీడియోల మీద వ్యాఖ్యానించను."

జాగ్రత్తగా రాసిన జవాబు. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ పిల్ల డ్రాయింగులు ఎక్కడి నుంచి తెస్తుంది?


మే 11, ఆదివారం

ఉదయం ఎనిమిదింటికి చేరాను. మకాం ముందు టార్పాలిన్ కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బసవయ్యగారు, మరో నలుగురు పెద్దలు, చెరువు ఆసామి. మంగరాజు కుర్చీలో కూర్చోలేదు, గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. చేపల మేతకు తవుడు సంచులు కట్టే కర్రలు నీళ్ళలో ఉత్తినే నిలబడి ఉన్నాయి.

సాయిగణేష్ జాన్‌బాబుతో కలిసి వచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే అతనితో సెల్ఫీ దిగారు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. "మేడం, నేను చేపల చెరువు దగ్గరగా చూడ్డం ఇదే ఫస్టండి" అన్నాడు. దాచుకోకుండా అన్నాడు. అది నాకు చికాకు కలిగించింది.

ముందు అతను మాట్లాడాడు, తర్వాత నేను. నా నివేదికలో నాలుగో పేజీకి వచ్చేసరికి చెరువు ఆసామి ఆవులించాడు. బసవయ్యగారు చేయెత్తారు.

"అమ్మా, ఆయన చెప్పిందీ బాగానే ఉంది, తమరు చెప్పిందీ బాగానే ఉంది. మాకే ఏం అర్థం కాలా. ఇద్దరిలో పనితెలిసినోళ్ళెవరో మేమెట్టా తేల్చాలి?"

అప్పటిదాకా మకాం గుమ్మంలో కూర్చుని ఉన్న పెద్దింట్లమ్మ, మంగరాజు తల్లి, డెబ్భై దాటిన మనిషి, గొంతు సవరించుకుంది.

"నోళ్ళెందుకురా బసవా, చేతులు చూడు. మా మావ ఉన్నప్పుడు, నాకు వలపని వచ్చని ఎవడన్నా వస్తే చిరిగిన వలొకటి ముందరేసేవోడు. కుట్టరా, చూస్తానని."

"అందరూ కుడతారుగా పిన్నీ. ఏం తెలుస్తది?"

"కూచోగానే ముడేశాడా, ఆడు పనికిరాడు. కత్తి తీసి చిరుగును ఇంకా పెద్దది చేశాడా, ఆడు పనోడు. నలిగిన కన్నులన్నీ కోసుకుంటా పోవాల, గట్టి కన్ను తగిలిందాకా. అప్పుడు ముడి నిలుస్తది. నలిగినదానికేసిన ముడి ఒక్క లాగుడికి ఊడిపోద్ది."

"అయితే పెట్టె తెండి" అన్నారు బసవయ్యగారు.

పెట్టెను కుర్చీ మీద పెట్టారు. సాయిగణేష్ ల్యాప్‌టాప్ తీశాడు. పది నిమిషాల్లో ప్రోగ్రాములో పాత అంకెనే ఉంచే ఆ వాక్యం తీసేసి, రీడింగు రాకపోతే ఏరియేటర్లు తిరిగేలా మార్చాడు. తీగ పీకి చూపించాడు. ఏరియేటర్లు తిరిగాయి. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన "భలే" అన్నాడు. పని నిజంగానే చకచకా చేశాడు.

తర్వాత నేను లేచాను. తీగ తిరిగి పెట్టమన్నాను. పందికొక్కు తీగను పూర్తిగా తెంపకపోతే ఏమవుతుంది అని అడిగాను. కత్తితో తీగ పైతొడుగు కొంచెం గీరి, లోపలి రెండు పోగులనూ తడి బొటనవేలితో కలిపి పట్టుకున్నాను. తెర మీద 7.9. ఏరియేటర్లు ఆగిపోయాయి. సెన్సరు మూతికి గుప్పెడు పాకుడు పట్టించాను. దాన్ని ఒక బకెట్లో ముంచి నీళ్ళు మార్చినా అంకె కదలలేదు. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాను. కాసేపు పాత అంకే వెలిగింది. అలా ఒక్కొక్కటీ. గంట పట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దింట్లమ్మ మాత్రం ముందుకు జరిగి నా చేతులనే చూస్తూ కూర్చుంది.

"బాగుచేశారా అమ్మా?" అన్నారు బసవయ్యగారు.

"లేదండీ. ఇది ఈ రోజుతో బాగయ్యేది కాదు. ఎన్నిచోట్ల నలిగిందో చూశాను. ఆ రాత్రి మంగరాజు ఎన్నిసార్లు లేచి చూసినా ఈ తెర నిజం చెప్పి ఉండేది కాదు."

మంగరాజు గుంజను వదిలి కింద కూర్చున్నాడు.

నేను గెలిచాను. అక్కడితో ఊరుకోవచ్చు.

అప్పుడు సాయిగణేష్ అన్నాడు. ఎదురు తిరిగి కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అన్నాడు. "మేడం, నాలుగు లక్షల మంది చూశారండి. రెండు వేల కామెంట్లున్నాయి. ప్రతిదీ చదువుతాను. తప్పని ఒక్కరన్నా రాసుంటే ఆ రోజే మార్చేవాణ్ణి. తెలిసినోళ్ళెవరూ చూడలేదేమో."

కనకదుర్గ నా వైపు చూడలేదు. చెరువు వైపు చూసింది. అంటే ఈ రెండు వారాల్లో ఆ పిల్ల ఆ మెసేజి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా.

"నేను చూశాను" అన్నాను. "జనవరిలో. కనకదుర్గ పంపింది. తప్పు అప్పుడే కనిపించింది."

బసవయ్యగారు నా మాట అర్థం కానట్టు చూశారు. "చూసి చెప్పలేదా అమ్మా?"

"చెప్పలేదండీ."

"ఎందుకని?"

ఇరవై మూడు పేజీల నివేదికలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. "అలాంటి వీడియోకు జవాబివ్వడం నా స్థాయికి తగదనుకున్నాను."

జాన్‌బాబు పెద్దగా నవ్వాడు. నవ్వులో సంతోషం లేదు. "బాగుందండి. తెలిసినావిడ చెప్పలేదు. చెప్పినాయనకి తెలీదు. మధ్యలో బాక్సు బిగించింది నేను."

చెరువు ఆసామి ఆ మాట పట్టుకున్నాడు. "మరిట్టాంటావిడ మాట ఎట్టా నమ్మేది?"

"మాటెవడు నమ్మమన్నాడయ్యా" అంది పెద్దింట్లమ్మ. "అంకె కదల్లేదు. నువ్వూ చూశావుగా, ఇంత కళ్ళేసుకుని."

పెద్దలు పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. బసవయ్యగారు చెప్పింది ఇది: "నిపుణులెవరో మేం రాయం, అది మావల్ల కాదు. మంగరాజు నిద్రపోలేదని రాస్తున్నాం. చెరువు అతనిదే. పిల్లలు జాన్‌బాబు పోయించాల. ఆ మిగతా పెట్టెల సంగతి మీ ముగ్గురే చూసుకోవాల, ఎవరి పాలు వాళ్ళు."

వచ్చేటప్పుడు కనకదుర్గ బస్టాపు దాకా నడిచింది. క్షమించమని అడగడానికి ఏదో మొదలుపెట్టాను. "నేను ఇంకోసారి అడగాల్సింది మేడం" అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అంది. తిట్టి ఉంటే బాగుండేది.


మే 12

నాకు కోపం ఉంది. నా తప్పు బయటపడినంత మాత్రాన అతని తప్పు చిన్నదయిపోదు. రెండూ వేర్వేరు చిరుగులు.


మే 18, ఆదివారం

సాయిగణేష్ ఇంటికి వచ్చాడు. సరిదిద్దే వీడియోలో నన్ను మాట్లాడమన్నాడు. నేను నలభై నిమిషాలు మాట్లాడాను. అతను ఆరు నిమిషాలకు కుదించాడు. ఏమేమి తీసేశాడో వెతికాను. అవసరమైనదేదీ తీయలేదు. జాన్‌బాబుకు పంపి చూడమన్నాడట. "ఒక్కసారికే అర్థమైంది" అని జాన్‌బాబు ఫోన్ చేశాడు.

అతను వెళ్ళేముందు అడిగాను. "ఇకనుంచి వీడియో పెట్టేముందు ఎవరికైనా చూపిస్తారా?"

"వారానికి మూడు పెట్టాలండి మేడం. లేకపోతే ఛానల్ పడిపోద్ది."

"నాకు పంపండి. చదువుతాను."

"మూడూనా?"

"మూడూ."

నవ్వాడు. నమ్మినట్టు లేదు.


మే 25

వారం గడిచింది. సరిదిద్దిన వీడియోను చూసినవాళ్ళు: తొమ్మిది వందల నలభై మంది. పాతదాన్ని అతను తీసేశాడు, కానీ దాన్ని ముందే దింపుకుని తమ పేర్లతో పెట్టుకున్నవాళ్ళు కనీసం ముగ్గురు కనిపించారు. వాళ్ళ కింద వ్యాఖ్య రాశాను. తెలుగులో, రెండే వాక్యాలు. ఒకతను జవాబిచ్చాడు: "ముందు నువ్వో ఛానల్ పెట్టు ఆంటీ."

ఈ వారం సాయిగణేష్ రెండు వీడియోలు పంపాడు. మూడోది పంపకుండానే పెట్టేశాడు. అందులో తప్పేమీ లేదు. అయినా ముందు పంపి ఉండాల్సిందని చెప్పాను.


జూన్ 8, ఆదివారం

జాన్‌బాబు జాబితా క్యాలెండరు కాగితం వెనుక రాసి ఇచ్చాడు. కొన్నిచోట్ల పేరు లేదు. 'గుడివాడ వైపు, ఎర్ర బండి', 'బంటుమిల్లి మామయ్య', ఇలా. మూడు ఆదివారాలుగా ముగ్గురం తిరుగుతున్నాం. సాయిగణేష్ బండి మీద ముందు వెళ్ళి అడిగి వస్తాడు, అతన్ని గుర్తుపట్టి జనం త్వరగా చెబుతారు. జాన్‌బాబు పెట్టె విప్పుతాడు. నేను సరిచూసి సంతకం పెడతాను. ఎర్ర బండి ఆయన దొరికాడు. తీగ తెగి నాలుగు రోజులైందట, తెర మీద 6.1. రోజూ మధ్యాహ్నం పూట చూసి సంతోషించాడట. మబ్బు పట్టలేదు కనుక బతికిపోయాడు.

మంగరాజు చెరువులో చేపపిల్లలు పోశారు. కొత్త పెట్టె పెట్టలేదు. పెద్దింట్లమ్మ సాయంత్రం తవుడు సంచులు ఎత్తి బరువు చూస్తుందట. బరువుగా ఉంటే చేప తినలేదని అర్థం.

ముప్పై ఒక్క పెట్టెల్లో ఇరవై రెండు దొరికాయి. మిగిలిన తొమ్మిది ఎవరి చెరువుల మీద ఉన్నాయో జాన్‌బాబుకు గుర్తు లేదు. జనవరిలో ఆ వీడియో కింద నేను రెండు వాక్యాలు రాసి ఉంటే సాయిగణేష్ చదివేవాడా, చదివితే మార్చేవాడా అన్నది నాకు తెలియదు. ఈ సాయంత్రం కైకలూరు వైపు మబ్బు పట్టింది.